జూన్ నెల అమ్మ

అయినా సినిమాలో చిన్నప్పటి తన వేషం ఎవరు వేస్తారా అని నెల రోజులుగా ఆలోచించడం ఎంత తెలివితక్కువ పని, అనుకుంది ఎర్సీలియా, మొక్కజొన్న సంకటి కలుపుతూ. ఆ పిల్ల సన్నగా ఉండాలి. కాళ్ళకి చెక్కచెప్పులు ఉండాలి. తీరా చూస్తే ఆ పిల్లే లేదు. తమ్ముడు నేవియో తమ చిన్నతనం మీద సినిమా తీస్తానని రోము నుంచి వచ్చాడు. కథ నిన్న మొత్తం చదివింది. తాత, నాన్న, ఇద్దరు మగపిల్లలు, అమ్మ, ఆవు. ఆవుకి పేరు కూడా ఉంది.

పో నది కట్ట మీద మంచు విడుతోంది. నేవియో వంటింట్లోకి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"అక్కా, దూలానికి ఉప్పుచేప వేలాడదీసేవాళ్ళం కదా, ఎంత ఎత్తున?"

"రుచి కోసం సంకటి ముక్క దానికి రుద్దడానికి నాకు అందేంత. నా వంతు వచ్చేసరికి దానికి వాసన కూడా మిగిలేది కాదు."

"బాగుంది. రాసుకోనా?"

"ఎవరి నోట పెడతావు? ఆవు నోటా?"

అతని నవ్వు ఆగిపోయింది. "కోపమొచ్చిందా? కళ్ళు మూసుకుంటే నాకు నాలుగు కుర్చీలే కనిపిస్తాయక్కా."

"ఆడవాళ్ళకి కుర్చీ ఎక్కడిదిరా."

"అందుకే అమ్మని పొయ్యి దగ్గర నిలబెట్టాను. జూన్ నెల, దోమలు. అమ్మ నా ముక్కని చేపకి రుద్ది ఇస్తుంది. ఆ ఒక్క సీను కోసమే ఈ సినిమా."

ఎర్సీలియా గరిటె ఆగింది. చెప్పకపోతే వాడికి అమ్మ మిగులుతుంది. చెబితే తను మిగులుతుంది. చనిపోయిన అమ్మతో పోటీయా, ఈ వయసులో? సిగ్గేసింది. అయినా నోరు ఊరుకోలేదు.

"జూన్‌లో అమ్మ ఎక్కడుండేది?"

"ఇక్కడే..." అని ఆగాడు. జూన్ అంటే పడమటి వరిచేలల్లో కలుపుతీత. ఊళ్ళో తల్లులందరూ రైలెక్కి నలభై రోజులు వెళ్ళిపోయేవాళ్ళు.

"మరి ముక్క రుద్ది ఇచ్చిన ఆ చేయి?" అన్నాడు.

"నాదే. నాకప్పుడు పదేళ్ళు. నువ్వు ఏడిస్తే అమ్మ గొంతు పెట్టి పిలిచేదాన్ని."

అతను ఆమె చేతుల వంక చూశాడు. "నలభై ఏళ్ళుగా అమ్మ మీద అనుకున్న బెంగ, నీ మీదా?"

"ఇద్దరి మీదాలే. తిను, చల్లారిపోతుంది."

అతనికి వడ్డించి, తన కంచం పట్టుకుని ఎప్పటిలాగే పొయ్యిగట్టుకి ఆనుకుని నిలబడింది. ఒక ముద్ద తింది. తర్వాత వెళ్ళి, తమ్ముడి ఎదురుగా తాత కుర్చీ లాక్కుని కూర్చుంది.