సరిచూసినవారు: ఫణీంద్ర

ఉదయం ఎనిమిదింటికి అంబత్తూరు ఎస్టేట్ బస్టాపులో ఏజెంట్ వెంకటసుబ్బారావుని కాల్చేశారు. సైలెన్సర్ వాడారు కాబట్టి పక్కనే టీ తాగుతున్నవాళ్లకి కూడా తెలియలేదు. ప్రాణం పోయేముందు ఆయన ఫోన్లోంచి గూఢచారి బ్యూరోకి ఒక్క మెసేజ్ వెళ్లింది.

'తాళాల వరస తిరగేశారు. పన్నెండు గంటలకి.'

తొమ్మిదిన్నరకల్లా ఏజెంట్ ఫణీంద్ర మింట్ స్ట్రీట్‌లో ఒక కాఫీపొడి కొట్టు వెనకగదిలో ఉన్నాడు. కొట్టు దేవరాజులిది. దాని వెనక నడిచే బ్యూరో కూడా ఆయనదే.

"తిరువొత్తియూరు కోస్టల్ వాచ్ సెంటర్ తెలుసు గదప్పా? సముద్రంలో ఏ పడవ యాడుందో ఆడ స్క్రీన్ మీద కనిపిస్తాది. పన్నెండుకి ఆ సర్వర్ బిగుసుకుపోతాదంట. ఇరవై నిమిషాలు మనం గుడ్డోళ్లం. ఆ సందులో ఒక ఓడ వస్తా ఉండాది. నిండా ఆర్‌డీఎక్స్. వెంకటసుబ్బారావు దాని వెనకాలే తిరగతా ఉండె."

ఫణీంద్ర లేచి నిలబడ్డాడు. ఆ సర్వర్‌కి ఫైల్‌సిస్టమ్ రాసే కంపెనీలో మూడేళ్లుగా ఇంజనీరు వేషంలో ఉన్నది అతనే.

"డేటాని డిస్క్ మీద రాసేటప్పుడు రెండు లాకులు, అంటే తాళాలు, పట్టుకోవాలి సార్. ముందు జర్నల్ లాక్, తరవాత పేజీ లాక్. ఎవరొచ్చినా అదే వరస. ఒకడు తిరగేసి ముందు పేజీ పట్టుకున్నాడనుకోండి, వాడు జర్నల్ కోసం, రెండోవాడు పేజీ కోసం ఒకడి మొహం ఒకడు చూస్తూ కూర్చుంటారు. డెడ్‌లాక్. రాత ఆగిపోతుంది."

"మా అన్నదమ్ములూ అట్లేనప్పా," అన్నాడు దేవరాజులు. "బీరువా ఒకడింట్లో, తాళంచెవి ఇంకొకడింట్లో. సరి, సీక్రం, బిరాన బయల్దేరు. లోపల రాజశ్రీ ఉంటాది."

రాజశ్రీ పేరు వింటే ఫణీంద్రకి ప్రాణం లేచొస్తుంది. విశాఖపట్నం పిల్ల. అదే బ్యూరో, అదే కంపెనీ, పక్క కుర్చీ. ఆమె నడిచొస్తే కారిడార్‌లో మాటలు ఆగిపోతాయి. వచ్చే నెల ఇంట్లో పెళ్లి మాట ఎత్తుదామనుకుంటున్నాడు, పాపం.

పదకొండూ పాతికకి ఏసీ మెకానిక్ ఒకడు టిఫిన్ క్యారియర్ ఊపుకుంటూ సెంటర్ గేటు దగ్గర ఆగాడు. కోడంబాక్కం సినిమా మేకప్‌వాళ్ల మీసం అతికించుకుని వాచ్‌మన్ కుర్చీలో కూర్చున్న దేవరాజులు గంభీరంగా అడిగాడు.

"సాంబార్ చల్లారిందా?"

"పొగలు కక్కుతోంది."

గేటు తెరుచుకుంది.

క్యారియర్ అడుగు గిన్నెలో సాంబార్ లేదు. చిన్న కీబోర్డు, కేబుల్ ఉన్నాయి. సర్వర్ రూమ్ తలుపు వేసుకుని ఫణీంద్ర కోడ్ తవ్వడం మొదలెట్టాడు. పదకొండూ నలభై ఒకటికి దొరికింది. ఆరే ఆరు లైన్లు. ముందు పేజీ, తరవాత జర్నల్. ఇవాళ పన్నెండింటికి మాత్రమే నిద్రలేచేలా పెట్టారు. కింద రికార్డు ఉంది.

'రాసినవారు: రాజశ్రీ. సరిచూసినవారు: ఫణీంద్ర.'

రెండు నెలల కిందట, శుక్రవారం సాయంత్రం. "ఒకసారి చదివి ఓకే కొట్టవా ఫణీ?" అని ఆమె లాప్‌టాప్ ముందుకి జరిపింది. "నువ్వు రాసింది నేను చదవాలా?" అని నవ్వుతూ బొటనవేలు ఆనించాడు. ఆ టీమ్‌లో అందరికీ ఉన్న జబ్బే అది. కావలసినవాళ్లు రాసింది చదివి చూస్తే అవమానించినట్టు లెక్క.

వెంకటసుబ్బారావుని చంపినవాళ్లకి దారి తెరిచింది తన వేలే. ఏడవడానికి టైం లేదు. నాలుగు లైన్లు రాశాడు. రెండో లాక్ దొరక్కపోతే చేతిలో ఉన్న మొదటిది వదిలెయ్, మళ్లీ మొదటినుంచి రా. అంతే. స్క్రీన్ ఒప్పుకోలేదు. ఇంకో ఇంజనీరు సరిచూసి వేలిముద్ర వెయ్యాలంది.

"చేతులు పైకెత్తు ఫణీ."

తెరిచిన తలుపు దగ్గర, నెమలికంఠం రంగు పట్టుచీరలో రాజశ్రీ. చేతిలో పిస్టల్. ఫణీంద్ర తన పిస్టల్ తీసి గిర్రున తిరిగాడు. గోడ గడియారంలో పదకొండూ యాభై నాలుగు.

"ఎప్పటినుంచి?"

"నిన్ను కలవకముందు నుంచీ."

"మరి ఈ మూడేళ్లు?"

"డ్యూటీ."

ఆ మాటకంటే గుండు దిగినా బాగుండేదనిపించింది అతనికి.

"ఆ రికార్డులో నా పేరు తీసెయ్," అంది రాజశ్రీ. "నీ లాగిన్‌తోనే అవుతుంది. లేకపోతే ఈపాటికి కాల్చేసేదాన్ని. ముందు పిస్టల్ దించు."

"ముందు నువ్వు దించు."

"నువ్వే దించాలి."

రెండు నిమిషాలు అలాగే గడిచాయి. ఎవరూ దించలేదు. ఫణీంద్రకి నవ్వొచ్చినంత పనైంది. ఇప్పుడే కదా దీనికి మందు రాశాడు! పిస్టల్ కింద పెట్టి కాలితో ఆమె వైపు తోశాడు.

"నేనే వదిలేస్తున్నా రాజీ. నువ్వు ఉరికంబం ఎక్కితే చూడలేను."

ఆ మాట మాత్రం నటన కాదు. కీబోర్డు మీదికి వంగి, తన నాలుగు లైన్లని మూసి, పైన శీర్షిక పెట్టాడు: 'రాజశ్రీ పేరు తొలగింపు.'

"నీ వేలిముద్ర అడుగుతోంది. కావాలంటే తెరిచి చదువుకో."

పదకొండూ యాభై ఎనిమిది. ఆమె శీర్షిక చూసింది. అతని మొహం చూసింది. అదే పాత నవ్వు నవ్వింది.

"నువ్వు రాసింది నేను చదవాలా ఫణీ?"

బొటనవేలు ఆనించింది.

పన్నెండు. స్క్రీన్ మీద పడవలన్నీ ఒక్క క్షణం ఆగాయి. లోపల ఎక్కడో ఒకడు తన లాక్ వదిలి వెనక్కి తగ్గాడు. పడవలు మళ్లీ కదిలాయి. వాటి మధ్య, పేరు లేని ఒక పెద్ద ఓడ. దాని మీదికి కోస్ట్ గార్డ్ బోట్లు మూడు తిరిగాయి.

"నన్ను మోసం చేశావా?" అంది రాజశ్రీ. నిజంగానే బాధపడింది. ఆ రోజు మొత్తం మీద ఫణీంద్రకి అర్థం కానిది అదొక్కటే. వెనకనుంచి వచ్చిన మీసాల వాచ్‌మన్ ఆమె చేతిలో పిస్టల్ ఊడబెరికాడు.

సాయంత్రం కాఫీపొడి కొట్టులో దేవరాజులు పద్నాలుగు పేజీల రిపోర్టు ముందుకి తోశాడు.

"ఈడ సంతకం పెట్టప్పా. అంతా నేనే రాసినా. చదివే పన్లేదు."

ఫణీంద్ర మొదటి పేజీ మొదటి లైను మీద వేలు పెట్టాడు.

"కాఫీ చల్లారిపోతాదప్పా!"

"చల్లారనీండి సార్," అన్నాడు ఫణీంద్ర, తలెత్తకుండా.