ఎండుమెట్టను మెచ్చని వకుళ

కుంభగిరి రాజ్యంలో ఏదైనా బాగాలేదని చెప్పే అలవాటు ఎవరికీ లేదు. వంటవాడు పప్పు మాడ్చి తెచ్చినా సభలో అందరూ లొట్టలు వేస్తూ తినేవారు. ఆస్థాన కవి రాజుగారి పుట్టినరోజుకు చదివిన పద్యాన్నే పట్టపు గుర్రం చచ్చిపోయిన రోజునా చదివితే చప్పట్లు కొట్టి శాలువా కప్పేవారు. ఈ తియ్యటి నోళ్ళ మధ్య పెరిగిన యువరాజు సౌమ్యసేనుడు, కాలికి గుచ్చుకున్న ముల్లును కూడా పొగిడేంత మర్యాదస్థుడయ్యాడు.

ఆ కోటలో వేరుగా ఉన్నది ఒక్క నోరే. అది రాణిగారి మేనకోడలు వకుళది. పప్పు మాడిందని ఆ పిల్ల ఒక్కతే అనేది. అందుకే విందుల్లో ఆమెను స్తంభం చాటున కూర్చోబెట్టేవారు. ఎప్పుడైనా ఏదైనా మరీ నచ్చేస్తే "ఫరవాలేదు" అనేది, అదీ ఏడాదికొకసారి. నిజానికి ఆమెకు బావంటే ప్రాణం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, బావకు అసలే చెప్పలేదు.

పట్టాభిషేకానికి ముందు రాజ్యం నాలుగు మూలలూ చూసి రమ్మని రాజుగారు కొడుకును పొగబండి ఎక్కించారు. మూడు మూలలు చూసి అతను నాలుగో మూలన ఉన్న ఎండుమెట్టలో దిగాడు. దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు. వెతకబోయిన భటులూ తిరిగి రాలేదు. పొగబండి ఖాళీగా వచ్చినప్పుడల్లా రాజుగారు ఇంకాస్త నీరసించి, చివరకు మంచం పట్టారు. మంత్రులు మాత్రం, "యువరాజావారు అక్కడ సుఖంగా ఉండి ఉంటారు ప్రభూ" అంటూ చేతులు కట్టుకు నిలబడ్డారు. వైద్యుడు నాడి పట్టుకుని దివ్యంగా ఉందన్నాడు.

వకుళ ఆ వైద్యుణ్ణి పక్కకు తోసి రాజుగారి చెయ్యి పట్టుకుంది. "మామయ్యా, మీ ఒంట్లో ఏమీ బాగాలేదు. నేను వెళ్ళి బావను తీసుకొస్తాను."

రాజుగారు కళ్ళు తెరిచారు. "తీసుకురా తల్లీ. వాణ్ణి చూడకుండానే పోయేలా ఉన్నాను."

మర్నాడే ఆమె పొగబండి ఎక్కింది. దానికి ఉన్నవి రెండే పెట్టెలు. ఒకటి మనుషులకు, రెండోది ఇనుప నీళ్ళతొట్టి. ఎండుమెట్టలో బావీ లేదు, వాగూ లేదు కాబట్టి ఆ తొట్టిని కుంభగిరి ఏటిలో నింపి పంపుతారు. గుక్కెడు నీళ్ళు పుట్టని చోట ఊరు ఎందుకు కట్టారో, కట్టిన మహానుభావుడెవరో అని ఆమె దారంతా తిట్టుకుంది.

పొగబండి టేకు అడవిలోకి దూరగానే మూలనున్న బల్ల మీద జటలు, కమండలంతో ఒక ముని కనిపించాడు. కళ్ళు తెరిచి, "బాలికా, నా తపస్సు ఎలా ఉంది?" అని అడిగాడు.

"గురక వినిపించింది స్వామీ," అంది వకుళ.

ముని అదిరిపడ్డాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎన్ని అడవులు తిరిగినా ఈ ముక్క నాతో అన్నవాళ్ళు లేరమ్మా. నువ్వు ఎండుమెట్టకు పోదగినదానివే. విను. అక్కడ ధూమకర్ణుడనే రాక్షసుడున్నాడు. దిగినవాళ్ళనల్లా తన ఊరు ఎలా ఉందని అడుగుతాడు. ఆ ఊరిది ఏదైనా సరే, మనసారా బాగుందని అన్నావా, ఉన్నదంతా మరిచిపోయి అక్కడే ఉండిపోతావు. పోనీ అని అబద్ధమాడితే రాయైపోతావు. అక్కడ అడుగుపెట్టిన ప్రతి ప్రాణీ అడిగినదానికి జవాబు చెప్పి తీరాలి."

"మరి చిక్కుకున్నవాళ్ళు బయటపడేదెలా?"

"మనసులో ఉన్న చెడ్డమాట నోరు విప్పి ఒక్కటి అంటే చాలు. కానీ ఆ రాక్షసుడు అక్కడున్నంతకాలం వాళ్ళకు నోరు పెగలదు."

అడవి అయిపోయింది, చెట్లు అయిపోయాయి, చివరకు గడ్డి కూడా అయిపోయాక పొగబండి ఆగింది. ఎండుమెట్ట అంటే ఒక రేకుల కొట్టం, ముళ్ళు ఊడిపోయిన గడియారం, పట్టాలకు అవతల నాలుగు ఇళ్ళు, ఒక మేక. ఊరి పేరు రాసిన పలక ఊరికంటే పెద్దదిగా ఉంది. చూపు ఆనినంత మేర ఎర్రమట్టి తప్ప మరొకటి లేదు. పట్టాల పక్కన మనిషెత్తు రాళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. మేక ఆశగా పొగబండి వైపే చూస్తోంది. ఆ ఊళ్ళో బుద్ధి ఉన్నది దానికొక్కదానికే అనుకుంది వకుళ.

వెలిసిపోయిన పట్టుబట్టలు కట్టుకుని, చీపురుతో మట్టి మీది మట్టిని ఊడుస్తున్న మనిషి ఆమెను చూసి చేతులు జోడించాడు. "రండి, రండి. చాలా చక్కని ఊరికి వచ్చారు." అతను సౌమ్యసేనుడు. ఆమెను గుర్తుపట్టలేదు. వకుళకు ఏడుపొచ్చింది. ఏడిస్తే పని కాదని మింగేసింది.

ఇంతలో స్టేషను మాస్టరు నల్లకోటు తొడుక్కుని, చెవుల్లోంచి పొగ వదులుతూ ధూమకర్ణుడు వచ్చాడు. "రా తల్లీ, రా. దూరం నుంచి వచ్చావు, ముందు ఫలహారం చెయ్యి," అని యువరాజు చేత ఉప్మా తెప్పించాడు. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే, "ఎలా ఉంది?" అని మీదికి వంగాడు.

"ఇసుక ఉంది. ఇసుకలో అక్కడక్కడ ఉప్మా కూడా ఉంది."

రాక్షసుడి చెవుల్లో పొగ చిక్కబడింది. ఆమెను విడిదికి తీసుకుపోయాడు. "రాజులు బస చేసిన గది ఇది. ఎలా ఉంది?"

"మంచం నాకంటే పొట్టిది. దుప్పటి మంచంకంటే పొట్టిది. పైకప్పు ఎక్కడుందో చూపించండి, దాని సంగతీ చెబుతాను."

ధూమకర్ణుడు పళ్ళు నూరుకుని, పొగబండి అప్పుడే దింపిన నీళ్ళను చెంబుతో ముంచి తెచ్చాడు. ఎండకు వకుళ నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. గటగటా తాగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. వాటిలో మొగలిపూల వాసన ఉంది. ఆమెకు ఇల్లు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

"ఇప్పుడు చెప్పు, నీళ్ళు ఎలా ఉన్నాయి?" అన్నాడు రాక్షసుడు మెల్లగా. బాగాలేవంటే అబద్ధం, బాగున్నాయంటే బందీ.

"చాలా బాగున్నాయి," అంది వకుళ.

రాక్షసుడు రెండు చేతులూ చాచి ఎదురుచూశాడు. ఏమీ జరగలేదు.

"అవి మా ఏటి నీళ్ళు స్టేషను మాస్టరుగారూ. మా గట్టు మీది మొగలిపొదల వాసన నాకు తెలియదా? మీ ఊరికి సొంత నీళ్ళు కూడా లేవు. సరే, ఇందాకటి నుంచీ మీరే అడుగుతున్నారు. ఇప్పుడు నేను అడుగుతాను. మీకు ఈ ఊరు ఎలా ఉంది?"

ధూమకర్ణుడు బిక్కమొహం వేశాడు. "నాకా? నన్నెవరూ అడగలేదే," అని గొణిగి, "బాగానే..." అంటుండగానే కుడికాలి బొటనవేలు రాయైపోయింది. కాలు విదిలించుకుని గొల్లుమన్నాడు. "దరిద్రపు ఊరు. మా వాళ్ళందరికీ పాతాళంలో పూలతోటలిచ్చి నన్ను ఈ మట్టిలో పారేశారు. చెవుల్లో దుమ్ము, ముక్కులో దుమ్ము. పలకరిద్దామంటే మేక. ఇక్కడ ఒక్క పూట ఉండబుద్ధి కాలేదమ్మా నాకు."

ఆ మాటతో వేలు మామూలైంది, చెవుల్లో పొగ ఆగిపోయింది. ధూమకర్ణుడు కోటు అక్కడే విప్పి పారేసి, వెనక్కి చూడకుండా పొగబండి ఎక్కేశాడు. అతను పోవడంతో రాళ్ళన్నీ ఒళ్ళు విరుచుకుని మనుషులయ్యాయి. భటులూ బాటసారులూ నోళ్ళు విప్పి, మంచాల్లో నల్లులని ఒకరు, గడియారానికి ముళ్ళే లేవని ఒకరు, కడుపునిండా తిట్టుకుంటూ పెట్టెలోకి ఎగబడ్డారు.

సౌమ్యసేనుడు మాత్రం చీపురు పట్టుకుని చిరునవ్వుతో నిలబడ్డాడు. "అందరూ అలా అంటారేమిటి? బాగానే ఉంది కదా," అన్నాడు. రాక్షసుడు పోయినా మర్యాద పోలేదు. పొగబండి కూత వేసింది.

వకుళ చెంబులో మిగిలిన నీళ్ళు అతని నోటికి ఆనించింది. రెండు గుక్కలు తాగి అతను ఆగిపోయాడు. "మొగలిపూలు," అన్నాడు. ఆమె ముఖంలోకి చూశాడు. "వకుళా? నువ్వెప్పుడొచ్చావు?"

"అది తర్వాత. ఉప్మా ఎలా ఉంది బావా?"

"ఉప్మా..." అని నసిగాడు. "పాపం, వండినవాళ్ళు..."

చక్రాలు కదిలాయి. వకుళ చెంబు కింద పడేసింది. "మామయ్య మంచం పట్టారు బావా. నిన్ను చూడకుండా పోతారు. నిజం చెప్పు."

యువరాజు పెదవులు కొరుక్కున్నాడు. "ఇసుక ఉంది," అన్నాడు. తర్వాత గట్టిగా, "ఇన్నాళ్ళూ ఇసుకే తిన్నాను. నాకిక్కడ ఏమీ బాగాలేదు. ఇంటికి పోదాం," అని చీపురు విసిరేసి ఆమె చెయ్యి పట్టుకుని పరుగెత్తాడు. ఇద్దరూ ఎగిరి పెట్టె అందుకున్నారు. వాళ్ళ వెనకే మేక కూడా ఎక్కింది. దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

ధూమకర్ణుడు టేకు అడవిలో దిగి మునికి శిష్యుడయ్యాడు. గురువుగారు గురక పెట్టినప్పుడు లేపడమే అతని పని. కుంభగిరిలో రాజుగారు కొడుకును చూసి లేచి కూర్చుని గంజి అడిగారు. నెల తిరగకుండా సౌమ్యసేనుడికీ వకుళకూ పెళ్ళి, ఆ పందిట్లోనే పట్టాభిషేకం జరిగాయి.

పెళ్ళివిందులో వకుళను ఎవరూ స్తంభం చాటున కూర్చోబెట్టలేదు. సభంతా లొట్టలు వేస్తుండగా కొత్తరాజు ఒక ముద్ద తిని, "పప్పు మాడింది," అన్నాడు. వంటవాడు గరిటె జారవిడిచాడు. మంత్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దరాజుగారు విస్తరి ముందు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, కోడలి వైపు తిరిగారు.

"పప్పు సంగతి సరే. మా అబ్బాయి ఎలా ఉన్నాడమ్మా?"

వకుళ తల వంచుకుని విస్తరిలో అన్నం అటూ ఇటూ కదిపింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఫరవాలేదు," అంది.