జెండా పై కొక్కెం

ఆ ఉదయం మబ్బులు కొండ దిగి వచ్చి గొర్రెల దొడ్డి కప్పు మీద కూర్చున్నాయి. బడి వేళకి పడమటి గాలి లేచి వాటిని చీల్చేసింది. ఆ చిరుగుల్లోంచి ఎండ వస్తూ పోతూ ఉంది.

డెల్ఫా బడి ముందు పిల్లల వరుసలో నిలబడి గాలిని చూస్తోంది. బడిలో జెండా ఎగరేసే పని సెప్టెంబరు నుంచి ఆమెదే. ఈ వారం అది తోటి పిల్ల రెట్టాకి వెళ్ళింది. ఆ బడి పద్ధతే అంత. చలికాలం సగంలో తాడు చేతులు మారుతుంది. దిగిపోయేవాళ్ళే కొత్తవాళ్ళకి నేర్పాలి.

డెల్ఫా నేర్పింది. జెండా మడిచే తీరు చూపించింది. తాడు ఆగకుండా ఎలా లాగాలో, చివర ముడి ఎలా వేయాలో చెప్పింది. ఒక్కటి మాత్రం చెప్పలేదు. జెండాను తాడుకి పట్టి ఉంచే రెండు కొక్కేల్లో పై కొక్కెం స్ప్రింగు వదులైపోయింది. గాలి రోజున తాడును దాని చుట్టూ ఒక మెలిక తిప్పి బిగించాలి. లేకపోతే జెండా ఊడిపోతుంది.

రెట్టా తడబడితే తాడు మళ్ళీ తన చేతికే వస్తుందని డెల్ఫా ఆశ.

రెట్టా లాగింది. జెండా ఆమె తల దాటిందో లేదో గాలి విసిరికొట్టింది. పై కొక్కెం వదిలేసింది. జెండా తలకిందులై వేలాడుతూ, మంచు కరిగిన బురదలో ఈడ్చుకుపోయింది.

జెండా నేలకి తగలకూడదని ఒకటో తరగతి పిల్లలకి కూడా తెలుసు. జెండా ఎగిరేటప్పుడు పద్ధతిగా గుండెల మీద పెట్టుకున్న చేతులు ఎవరూ దించలేదు.

"స్నానం చేయించావా రెట్టా? సబ్బు మర్చిపోయినట్టున్నావే," అన్నాడు బర్ల్, వెనక వరుసలోంచి.

కొందరు నవ్వారు. రెట్టా ఏడవలేదు. బురద జెండాను రెండు చేతులతో హత్తుకుని నిలబడింది. ఆమె కోటు ముందంతా మట్టయింది.

హాకడే టీచర్ తిట్టలేదు. జెండా ఉతకడానికి తీసుకుంది. రెట్టా ఆమె వెనకే వెళ్ళి, రేపటి నుంచి ఈ పని డెల్ఫాకే ఇచ్చేయమంది. రేపు బడిలో ప్రెసిడెంట్ల పండగ, అమెరికా పాత అధ్యక్షులని తలుచుకునే రోజు. పిల్లల నాటకం చూడటానికి ఊరు ఊరంతా వస్తుంది. కూతురు జెండా ఎగరేస్తుంటే చూడాలని రెట్టా వాళ్ళమ్మ కూడా వస్తానంది. కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి, నిద్ర మానుకుని మరీ.

డెల్ఫా కోరుకున్నదే జరిగింది. అయినా ఆ మధ్యాహ్నం శాండ్‌విచ్ సగం తిని, మిగతాది మడిచి పెట్టేసింది.

తర్వాత నాటకం రిహార్సలు. డెల్ఫాది మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ వేషం, బర్ల్‌ది ఆయన తర్వాతి అధ్యక్షుడు జాన్ ఆడమ్స్. వాషింగ్టన్ పెట్టుడు జుట్టు పెట్టుకోలేదని, తన జుట్టుకే పౌడరు అద్దుకునేవాడని టీచర్ చెప్పింది. అందుకని డెల్ఫా జడకి గోధుమపిండి పూశారు. నీ తల పొయ్యిలో పెడితే రొట్టె తయారని బర్ల్ ఒకటే ఏడిపించాడు.

నాటకంలో అది వాషింగ్టన్ పదవి దిగే రోజు. ఆడమ్స్ ప్రమాణం చేసి వెళ్ళిపోతాడు. వాషింగ్టన్ తలుపు దగ్గర ఆగి, కొత్త ఉపాధ్యక్షుడు జెఫర్సన్‌ని ముందు నడవమంటాడు. నిన్నటిదాకా అందరికంటే ముందు నడిచిన మనిషి. కానీ డెల్ఫా కాళ్ళు ప్రతిసారీ ముందుకే పోయాయి.

"ఆగమ్మా," అంది టీచర్. "ఇప్పుడు నీ వంతు కాదు."

సాయంత్రం డెల్ఫా ఇంటి దగ్గర గొర్రెల దొడ్డిలోకి వెళ్ళింది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లని తాత గడ్డితో తుడుస్తున్నాడు.

"తాతా, వాషింగ్టన్ ఎందుకు దిగిపోయాడు? ఇంకా ఉండొచ్చు కదా?"

తాత చేతిలో పని అయ్యాక మాట్లాడాడు. "ఉండమనే అన్నారు. రాజులు చచ్చేదాకా దిగని రోజులవి. ఈయన ఇక చాలని ఇంటికొచ్చి, గోధుమలూ గొర్రెలూ చూసుకున్నాడు." తడిసిన గడ్డి పక్కన పడేసి మళ్ళీ అన్నాడు. "ఆయన పొలంలో చాకిరీ అంతా బానిసలది. అది మర్చిపోకూడదు. కానీ ఆ తలుపు దగ్గర పక్కకి జరిగి నిలబడ్డాడు చూడు, అలా ఎంతమంది చేస్తారు?"

"కొత్తాయనకి చేతకాకపోతే మళ్ళీ తననే పిలుస్తారనుకున్నాడేమో."

తాత ఆమె వంక చూశాడు.

"అలా అనుకున్నవాడు ఇంటికి పోడు తల్లీ. అవతలివాడు ఎప్పుడు పడతాడా అని అక్కడక్కడే తిరుగుతుంటాడు."

గొర్రెపిల్ల లేచి, పడి, మళ్ళీ లేచింది. డెల్ఫా దాన్నే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు గాలి తగ్గలేదు. బడి ముందు కార్లు ఆగాయి. వాటి మధ్య రెట్టా వాళ్ళమ్మ ఫ్యాక్టరీ బూట్లతోనే నిలబడి ఉంది. రెట్టా వరుస చివరికి పోయి నిలబడింది. టీచర్ ఉతికిన జెండా తెచ్చి, పిండి జడతో ఉన్న డెల్ఫాకి అందించింది.

డెల్ఫా అందుకోలేదు.

"టీచర్, నేను రెట్టాకి పూర్తిగా నేర్పలేదు. పై కొక్కెం వదులని నాకు తెలుసు. చెప్పలేదు."

అందరికీ వినపడింది. రెట్టా వరుసలోంచి నడిచి వచ్చింది.

"మర్చిపోయావా?"

"లేదు. కావాలనే."

"వాళ్ళు నవ్వుతుంటే చూస్తూ నిలబడ్డావు."

"ఊఁ."

రెట్టా టీచర్ చేతిలోంచి జెండా తీసుకుంది. "మెల్లిగా చూపించు. ఒక్కసారికి నాకు రాదు."

డెల్ఫా తాడుకి మెలిక తిప్పి చూపించింది. విప్పి మళ్ళీ చూపించింది. తర్వాత రెట్టా తానే తిప్పింది. డెల్ఫా చేతులు తాడు మీదకి పోబోయాయి. వాటిని జేబుల్లో పెట్టుకుని, వరుసలో అందరికంటే చివరకి వెళ్ళి నిలబడింది. జెండా పైకి లేచేటప్పుడు మాత్రం ఒక చెయ్యి బయటికి తీసి గుండె మీద పెట్టుకుంది.

గాలి గట్టిగా లాగింది. కొక్కెం పట్టుకుంది. జెండా స్తంభం కొస దాకా వెళ్ళి పరుచుకుంది. రెట్టా వాళ్ళమ్మ ముక్కు తుడుచుకుంది.

నాటకం అయ్యాక బడి హాల్లో భోజనాలు పెట్టారు. వేడి రొట్టెల మధ్య పెట్టిన హామ్, అంటే ఉప్పు పట్టించిన పంది మాంసం, చిక్కుడు గింజలు, యాపిల్ జామ్. డెల్ఫా, తాత ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. వేరే బల్లల దగ్గర కూడా చోటుంది. రెట్టా పళ్ళెం పట్టుకుని అటూ ఇటూ చూసి, వాళ్ళమ్మతో వచ్చి ఎదురుగా కూర్చుంది.

డెల్ఫా వంక చూడలేదు. జామ్ సీసా మూత తీసి, తను వేసుకుని, సీసాను డెల్ఫాకి అందేలా బల్ల మధ్యకి జరిపింది. డెల్ఫా కొంచెం తీసుకుంది.