వెలుగుతల్లి పని

తరువాతి పదం ‘బండివాడు’. తరళ దాన్ని రెండుగా విరిచింది. బండి: పట్టాలయంత్రం నడుపుతోంది. వాడు: అక్కర్లేదు. తెర మీది నిర్ణేత యంత్రం ఆ వృత్తిని మూసేసి ఇంకో పదం అడిగింది. ఈ మంచునగరంలో పద్ధతి ఇదే. పేరులోని ప్రతి ముక్క పనీ ఇంకెవరో చేస్తున్నట్టు తేలితే, ఆ మనిషికి ఇక పని లేదు. నిర్ణేతకు ఓపిక ఎక్కువ, బుద్ధి తక్కువ.

గుమ్మంలో సిగ్రున్ అవ్వ దగ్గింది. ఐస్‌లాండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ మంత్రసాని. నగరంలో సగంమంది ఆమె చేతుల్లోనే పుట్టారు, తరళతో సహా. బిడ్డ బయటపడగానే ఇత్తడి దీపం ఎత్తి ముందు తల్లికి ముఖం చూపించేది. బొడ్డు కోయడం ఆ తరువాతే.

“ఈ దీపం అప్పగించమన్నారటగా తల్లీ. ఎక్కడ పెట్టమంటావు?”

తరళకు తలెత్తడానికి ముఖం చెల్లలేదు. మంత్రసానిని అవ్వ భాషలో ‘ల్యోస్‌మోదిర్’ అంటారు. నిన్న ఆ పదాన్ని విరిచింది తనే. ల్యోస్ అంటే వెలుగు: గదిదీపాలు ఇస్తున్నాయి. మోదిర్ అంటే తల్లి: కన్నతల్లి ఉండనే ఉంది. ఎంత చక్కగా తేలిందోనని మురిసిపోయింది కూడా. ఛీ, ఏం చదువు!

“తప్పు నాదే అవ్వా.”

“నీదో ఎవరిదో! నిన్న సాయంత్రం కుసుమ ఒక్కతే కంది. యంత్రం బిడ్డ బరువు చెప్పిందట, ముఖం మాత్రం చూపించలేదు. ఇప్పుడు రంగమణికి తొలి కాన్పు. నన్నే అడుగుతోందట. ప్రసవగది తలుపేమో నన్ను రానివ్వదే!”

తరళ నిన్నటి తీర్పు దిద్దబోయింది.

“ఆ పేరులో ఒక్క పనైనా ఖాళీగా ఉంటేనే వృత్తి తెరుచుకుంటుంది,” అంది నిర్ణేత.

తరళ లేచి, అవ్వ చెయ్యి పట్టుకుని ప్రసవగది దాకా నడిచింది. పక్క గోడలో గదిదీపాల మీట ఉంది. వైద్యయంత్రాలది వేరే తీగ; ఆరేవి దీపాలే. కానీ దాన్ని ముట్టుకున్నవాళ్లకు నగరంలో మళ్లీ ఉద్యోగం ఉండదు. తరళ మీట కిందికి లాగింది.

లోపల చీకటైంది. రంగమణి కేక వేసింది.

“వెలుగు పని ఖాళీ,” అంది గోడలోంచి నిర్ణేత. తలుపు తెరుచుకుంది.

“వెళ్లవ్వా, త్వరగా!”

దీపం లోపలికి వెళ్లింది. “వచ్చావా అవ్వా!” అని రంగమణి భోరున ఏడ్చింది.

మీట పైకి తన్నుకొస్తోంది. వదిలితే దీపాలు వెలుగుతాయి, అవ్వను బయటికి పంపేస్తారు. తరళ రెండు చేతులా అదిమి పట్టుకుంది. రంగమణి కనేదాకా పట్టుకోగలదు. కుసుమకు మాత్రం ఇక ఏం చేయగలదు?