గుర్తు మారిన పెట్టె

మోండా మార్కెట్ వెనక సందులో, ఇత్తడి సామాన్ల దుకాణం పైన ఉంటుంది డిటెక్టివ్ కల్పలత ఆఫీసు. కింద బిందెల మోత, పైన బాధల మోత. ఆ పొద్దున మెట్లెక్కి వచ్చిన మనిషి మాత్రం మోత మోగించే స్థితిలో లేడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా పేరు సైలస్, మేడం. యాప్రాల్‌ల ఉంట. ఓడల్ల పోయే మిషన్లకు చెక్కపెట్టెలు కడత. ఒక పెట్టె రేవుల క్రేను మీంచి పడ్డది. కూలీ కాలు విరిగింది. నా వల్లనే అంటున్రు, నాకు పనియ్యొద్దని అందరికి చెప్తున్రు. రేపు పోలీసుల దగ్గరికి పోతరంట. కేసైతే నా చేతికి మళ్ళ సుత్తి ఎవరిస్తరు మేడం?"

అసిస్టెంటు హెన్రీ గబగబా పెన్ను తీశాడు. కల్పలత నోట్లో సోంపు గింజలు వేసుకుని, "ముందు మీరు కూర్చోండి. పెట్టెలాగా మీరూ పడిపోయేలా ఉన్నారు" అంది.

సైలస్ చెప్పింది ఇదీ. బోయిన్‌పల్లిలో రాఘవేందర్ అనే ఆయన పల్లీ నూనె తీసే భారీ మిషన్లు తయారు చేస్తాడు. అలాంటిదొకటి ఆఫ్రికాలోని దార్-ఎస్-సలాంకి ఓడలో వెళ్ళాలి. ఆ మిషనుకి గేర్‌బాక్స్ ఉన్న కొస బరువు. క్రేను గొలుసులు ఆ కొసకు దగ్గరగా పట్టాలి, లేకపోతే పెట్టె ఒరిగి జారుతుంది. ఎక్కడ పట్టాలో తెలియడానికి పెట్టె పక్కన నల్లరంగుతో గొలుసు బొమ్మ అచ్చు వేస్తారు. క్రేనువాడికి లోపల ఏముందో కనిపించదు. ఆ గుర్తునే నమ్ముతాడు.

"నేను బరువు కొసకే వేసిన. పడ్డ పెట్టె మీద నడుమకు ఉంది!"

"అంటే దార్-ఎస్-సలాం పోవాల్సింది దారిలోనే సలాం కొట్టింది" అని గొణిగింది కల్పలత. "ఫోటో తీయలేదా?"

"మూత బిగించేటప్పుడు తీసిన. గుర్తులేసినంక తీయలే. ఆ రోజు గుడ్ ఫ్రైడే ముందటి పెద్ద గురువారం. సాయంత్రం చర్చిల ఆరాధనకు టైమైతుందని, గొలుసు బొమ్మ కోసిన అచ్చు రేకు ఆడనే పెట్టి వచ్చేసిన. పెట్టె పంపేముందు వాళ్ళు పూజ చేస్తరు, అప్పటికి అది సుత షురూ కాలే."

హెన్రీ తలూపాడు. ఆ గురువారం అతనూ చర్చిలోనే ఉన్నాడు. అయినా నమ్మకం కుదరలేదు. రంగు వేసిన చెయ్యి సైలస్‌ది, రేకు సైలస్‌ది. తప్పు మాత్రం సైలస్‌ది కాదట!

బోయిన్‌పల్లి షెడ్డులో రాఘవేందర్ ఎదురొచ్చాడు. ఎగుమతి వ్యాపారం చేసే ఆ మనిషికి ఆ వేళ మతి ఎగిరిపోయినట్టే ఉంది.

"ఏందీ సైలస్, డిటెక్టివ్‌ని సుత తెచ్చినవా? జూడమ్మా, గుర్తు తప్పేసిండు, మిషన్ తుక్కైంది. కంటైనర్‌ల పట్టని మిషనమ్మా అది!"

"కంటైనర్ లేకపోయినా కంటనీరు మాత్రం మిగిలింది" అంది కల్పలత. "ఇన్సూరెన్స్ ఉందా?"

"ఉంది. అయితే ఏంది?" రాఘవేందర్ గొంతు గరుకెక్కింది. హెన్రీ కలం కూడా ఆయన పేరు దగ్గరే ఆగిపోయింది.

రేవు నుంచి తిరిగొచ్చిన పెట్టె ఒక పక్క పచ్చడై పడుంది. బరువు కొసన పలకను ఎవరో గీకినట్టుంది. నడుమన నల్లటి గొలుసు బొమ్మ. కల్పలత దాన్ని గోటితో గీరింది. ఒక్కచోటే రంగు పెచ్చులూడి, కింద ఎర్రగా కనిపించింది.

"రక్తం!" అని అరిచాడు హెన్రీ.

ఆమె వేలు వాసన చూసి, రుమాలుకు తుడుచుకుంది. తర్వాత విరిగిన గేర్‌బాక్స్ పెంకు ముందు కూర్చుంది. పగులు ఒక కొసన వెండిలా మెరుస్తోంది. రెండో కొసన మాత్రం మసకగా, సందుల్లో బూడిదరంగు ముద్ద పట్టి ఉంది.

షెడ్డు పనులన్నీ చూసే మేనేజరు తిరుమల్. ఇనుము పోత, రంగు, పరీక్ష అన్నీ ఆయన చేతి మీదుగానే జరుగుతాయి.

"ఆ సాయంత్రం ఏం జరిగింది తిరుమల్ గారూ?"

"ఏముంది మేడం, పూజ అయింది. ట్రెయిలర్ అప్పటికే వచ్చి ఉండె. అందరి ముందటనే ఎక్కించినం, పంపినం. గంతే."

"మీ క్రేనుతో ఎత్తినప్పుడు పెట్టె ఒరగలేదా?"

"మా క్రేనోడికి గుర్తెందుకు? బరువెటుందో వానికి ఎరుకే."

"అప్పుడు పెట్టె మీద గొలుసు బొమ్మ ఎక్కడుంది?"

"గుర్తు లేదు మేడం."

కల్పలత పెదవి కొస కొంచెం కదిలింది. అలా కదిలినప్పుడల్లా హెన్రీకి ఒళ్ళు పులకరిస్తుంది, బుర్రకు మాత్రం ఏమీ అర్థం కాదు.

షెడ్డు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ మీద దేవమ్మ కూర్చుని ఉంది. రాఘవేందర్ తల్లి. ప్రతి మిషనుకీ పూజ ఆమెదే.

"పూజప్పుడు ఫోటోలు తీసిండ్రు బిడ్డా. మా ఓని మొకం, హారతి పళ్ళెం తప్ప ఏం పడలే."

"బొట్లు ఎక్కడ పెట్టారమ్మా?"

"పక్కపొంటి మూడు పెట్టిన. సైలస్ అప్పటికే చర్చికని పోయిండు. ఉత్త చెక్క మీదనే. ఆరిన రంగు మీద కుంకుమ పట్టదు, రాలిపోతది."

"నిమ్మకాయలు?"

"చక్రాల కింద పెడదామంటే బండే రాకపాయె! పొద్దు మునిగింది, నాకు మోకాళ్ళ తక్లీఫ్. బండొచ్చినంక పెట్టురా అని తిరుమల్ చేతిల పెట్టి, కొడుకుతోని ఇంటికి పోయిన."

కల్పలత లేచి అందర్నీ పెట్టె దగ్గరికి పిలిచింది. సైలస్ ఒక మూల ముడుచుకుని నిలబడ్డాడు. రాఘవేందర్ చేతులు కట్టుకున్నాడు.

"హెన్రీ, నువ్వు రక్తం అన్నావే, అది కుంకుమ. దేవమ్మగారు ఉత్త చెక్క మీద పెట్టిన బొట్టు. గొలుసు బొమ్మ దాని మీద ఉంది. బొట్టు కింద, రంగు పైన. కుంకుమ పొడి అడ్డం ఉండబట్టే అక్కడ రంగు సరిగా అంటుకోలేదు. అంటే ఈ గుర్తు పూజ తర్వాత వేసింది. సైలస్ అప్పటికి చర్చిలో ఉన్నాడు."

సైలస్ తల మొదటిసారి పైకి లేచింది.

"రాఘవేందర్ గారు తల్లిని తీసుకుని ఇంటికెళ్ళిపోయారు. ట్రెయిలర్ ముందే వచ్చిందని తిరుమల్ గారు చెప్పారు. వచ్చి ఉంటే నిమ్మకాయలు చక్రాల కిందికి పోయేవి, ఆయన చేతిలోకి కాదు. బండి వచ్చేదాకా ఆయన ఉన్నారు, పెట్టె ఉంది, రేకు ఉంది, చీకటి ఉంది. పాత గుర్తు గీకి, నడుమన కొత్తది కొట్టారు. కింద ఉన్న బొట్టు ఆ చీకట్లో కనబడలేదు."

"నేనెందుకు చేస్త?" తిరుమల్ నవ్వబోయాడు. "నాకేం ఇన్సూరెన్స్ వస్తదా?"

"రాదు. మీకు కావలసింది పతనం, ధనం కాదు." కల్పలత విరిగిన పెంకు చూపించింది. "ఒక్క దెబ్బకు విరిగిన ఇనుము అంతా ఒకే తీరుగా మెరవాలి. ఇది సగమే మెరుస్తోంది. మిగతా సగంలో లప్పం ఉంది. పడి పగిలిన మిషనుకి రేవులో లప్పం పెట్టిందెవరు? ఇది ఇక్కడే పగిలింది. పైన రంగేశారు. దూరదేశంలో మొదటిసారి తిప్పగానే బయటపడుతుంది. అంతకుముందే పడిపోతే, పాత పగులు కొత్త పగుల్లో కలిసిపోతుంది."

రాఘవేందర్ నెమ్మదిగా తిరిగాడు. "తిరుమల్?"

తిరుమల్ కళ్ళు నేలకు దిగాయి. "పోతలనే పగిలింది సార్. మళ్ళ పోయిద్దామంటే ఓడ దాటిపోతుండె. మీకు చెప్తే నా నౌకరీ పోతుండె. మిషన్ ఒక్కటే పడతది అనుకున్న. కింద మనిషి ఉంటడని..."

"నౌక దాటిపోతుందని నౌకరీకి భయపడ్డారు" అంది కల్పలత. ఈసారి ఆమె గొంతులో చమత్కారం లేదు. "పెట్టె కింద ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు తిరుమల్ గారూ. మీకు గుర్తు లేదు. పెట్టెకుంది."

పోలీసులకు ఫోన్ రాఘవేందరే చేశాడు, కానీ సైలస్ పేరు కాదు, తిరుమల్ పేరు చెప్పాడు. తర్వాత సైలస్ ముందు నిలబడి, "మాఫ్ చెయ్యి సైలస్" అన్నాడు.

"నాకు చెప్తే ఏం ఫాయిదా సార్? నాకు పనియ్యకుండ్రని ఎవరెవరికి చెప్పిన్రో వాళ్ళకు చెప్పుండ్రి. నేనుండంగనే."

రాఘవేందర్ మళ్ళీ ఫోన్ తీశాడు. ఒక్కొక్కరికీ చెబుతుంటే, సైలస్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ తనంతట తాను కూర్చోవడం అదే మొదలు అని హెన్రీ గమనించాడు. ఈ ఒక్కటి మేడం చెప్పకుండానే!

దేవమ్మ చేతికర్ర ఆనించుకుంటూ వచ్చింది. "కొత్త మిషన్‌కు పెట్టె నువ్వే కట్టాలె బిడ్డా. ఈసారి బొట్టు నీ గుర్తు మీదనే పెడత. ఎవడు మారుస్తడో చూస్త."

"రంగు మీద కుంకుమ పట్టదంటిరి గదమ్మా?"

"ఆరిన రంగు మీద పట్టదురా. తడి మీద ఎందుకు పట్టదు?" అంది దేవమ్మ. "గుర్తు వెయ్యంగనే, ఆరకముందే నన్ను పిలువు."