టీవీకి తగిలించిన కంప్యూటరు

పొద్దున్నే కాఫీ గ్లాసుతో హాల్లోకి వచ్చిన అత్తగారికి టీవీ నిండా కప్ప కనిపించింది. తలుపంత కప్ప. పొట్ట తెరుచుకుని లోపలి భాగాలన్నీ చూపిస్తోంది.

"లేస్తూనే దీని మొహమా చూడాలి నేను?" అందావిడ సోఫాలో కూలబడుతూ.

"ఈ ఒక్క పూటే అత్తయ్యా. మధ్యాహ్నానికి బొమ్మలన్నీ పంపించేస్తాను," అంది కోడలు తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆమె పిల్లల పాఠ్యపుస్తకాలకు బొమ్మలు గీస్తుంది. కిందటి వారం ఆమె ల్యాప్‌టాప్ కంప్యూటరు తెర పగిలింది. అప్పటినుంచి దాన్ని వైరుతో టీవీకి తగిలించి పని చేసుకుంటోంది.

అత్తగారికి మాత్రం పొద్దు గడవడం లేదు. కూతుళ్ళు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయాక, ఆ వెనకే భర్త పోయాక, ఆవిడ ఆ టీవీని ఆపడమే మానేసింది. ఏదో ఒక గొంతు వినిపిస్తూ ఉండాలి. ఆ సంగతి ఎవరితోనూ అనదు. అనేది వేరే.

"ఏరా, నీ పెళ్ళాం పుణ్యమా అని ఇల్లంతా మూగనోము పట్టింది," అంది, ఆఫీసుకు బయల్దేరుతున్న కొడుకుతో. "కాస్త జాగ్రత్తగా పట్టుకుంటే ఆ కంప్యూటరు కింద పడేదా? వస్తువు విలువ తెలియాలి."

"అమ్మా, ఇప్పుడెందుకా గోల?"

"నీకు గోలగానే ఉంటుంది. పిలిస్తే పలకదు, చెబితే వినదు..."

కోడలు బొమ్మలు గీసే పెన్ను బల్ల మీద పెట్టేసింది. "నేను పడెయ్యలేదత్తయ్యా. ఎలా పగిలిందో మీ అబ్బాయినే అడగండి."

"అమ్మకి చెప్పొద్దని అనుకున్నాం కదా," అని గొణిగాడతను.

"మీరు అనుకున్నారు. నేను ఊరుకున్నాను."

అత్తగారు కొడుకు వైపు చూసింది. "ఏం చేశావురా?"

"కోపంలో పిడికిలితో ఒక్కటి కొట్టాను. దాన్నే అమ్మా, తనని కాదు."

"ఎందుకు?"

"నువ్వే కదా, నేను ఇంట్లో అడుగు పెట్టానో లేదో మొదలుపెట్టావు! మంచినీళ్ళకి పిలిచి పిలిచి గొంతు పోయింది, నీ పెళ్ళానికి ఆ బొమ్మలే లోకం అని..."

ఆవిడ చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఆ సాయంత్రం బాగానే గుర్తుంది. నిజానికి అంత దాహమూ లేదు. కొడుకు రాగానే ఏదో ఒకటి చెప్పుకోవాలి, వాడు కాసేపు తన పక్కన కూర్చోవాలి, అంతే. వాడు కూర్చోలేదు. విసురుగా గదిలోకి వెళ్ళాడు. లోపల ఏదో చప్పుడైంది. తను టీవీ సౌండు పెంచుకుంది.

"అత్తయ్య మీదికి తోసెయ్యకండి," అంది కోడలు. "ఆవిడది మాట, చెయ్యి మీది. రేపు కూడా అది తెర మీదే పడుతుందని ఏమిటి నమ్మకం? బొమ్మలు పంపించాక అమ్మావాళ్ళింటికి వెళ్తున్నాను. బట్టలు సర్దేసుకున్నాను."

కొడుకు ముఖం పాలిపోయింది. "మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"తెలీదు."

అత్తగారు కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. వెళ్ళొద్దమ్మా అనబోయింది. అనడానికి మొహం చెల్లలేదు.

"ఆ చప్పుడు నాకు వినపడిందే," అంది చివరికి. "విననట్టే కూర్చున్నాను."

కోడలు చప్పున తల తిప్పి చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి.

"మరి అక్కడ దేంట్లో చూసి గీస్తావు?" అంది అత్తగారు. " దానికి తెర లేదుగా."

"ఏదో ఒకటి చూసుకుంటాను."

"ఏదో ఒకటేమిటి? దీన్ని పట్టుకుపో."

"టీవీనా? మీకు పొద్దెలా గడుస్తుంది? అయినా ఇంతదాన్ని నేనెలా మోస్తానత్తయ్యా?"

అత్తగారు అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"వాడు మోస్తాడు. మీ అమ్మ ముందు దింపి, ఎందుకు తెచ్చాడో కూడా తన నోటితోనే చెబుతాడు."

కొడుకు తల వంచుకుని టీవీ వెనక్కి వెళ్ళి వైరు మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడే కాదు," అంది కోడలు పెన్ను అందుకుంటూ. "ఇంకో రెండు బొమ్మలున్నాయి."

అతను చెయ్యి తీసేసి అక్కడే నిలబడ్డాడు. ఆ రెండు బొమ్మలూ ఎంతకీ పూర్తికాకుండా ఉంటే బాగుండునని అత్తగారికి అనిపించింది.