మూడుసార్లు తప్పు కొడితే

నల్లటి తెరమీద ఇంగ్లీషులో ఒకే ఒక్క ముక్క... లాగిన్ రద్దయింది! అశ్రిత మళ్లీ కొట్టి చూసింది, మళ్లీ అదే ముక్క. పదింటికి ఆ లాగిన్‌తోనే ఇంటి నుంచి పరీక్ష. అది పాసైతే కండ్లకోయ ఐటీ ఆఫీసులో ఉద్యోగం. తాతల కాలంనాటి ప్రోగ్రాములతో ఇప్పటికీ బ్యాంకుల్ని నడిపిస్తున్న ఆ పెద్ద మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ల భాష, అసెంబ్లర్, నేర్చుకోవడానికి ఆమె పడని పాట్లు లేవు. పెళ్లయ్యాక తనకంటూ కోరుకున్నది ఈ ఒక్కటే... అదీ చేతికందే పూట ఇలా అయింది!

కొంపల్లిలో పాఠాలు చెప్పే సారుకు ఫోన్ చేసింది.

"పొద్దున మీ లాప్‌టాప్ నుంచే ఎవరో మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టిన్రమ్మా. అందుకే సిస్టమ్ మూసేసింది. మళ్ల తెరిచేటోళ్లు సోమవారం దాకా రారు. ఈ బ్యాచ్‌కు ఇగ కుదరదు. ఇంకో బ్యాచ్ ఎప్పుడంటే... నేను చెప్పలేను."

శామీర్‌పేట దగ్గర ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురే. అశ్రిత, భర్త అన్వేష్, అత్త సత్యమ్మ. ఇంకెవరిమీదికి పోతుంది అనుమానం! కోడలు లాప్‌టాప్ తెరిచినప్పుడల్లా "ఇగ మొదలువెట్టింది దొరసాని, బువ్వ ఎవరొండాలె" అని సత్యమ్మ వాడంతా వినేటట్టు అరిచేది. కరెంటు స్విచ్ ఆపేసిన రోజులూ ఉన్నాయి. మరి అన్వేషో? ఎంత నెమ్మది! ఇదే కోర్సులో చేరి, ఇదే పరీక్ష తప్పి, ప్లాట్లు చూపించే పనిలో పడ్డ మనిషి. భార్యకు మొదటి పాఠాలు చెప్పింది అతనే. "కంప్యూటర్ల రిజిస్టర్లని పదహారు గిన్నెలుంటయ్. లెక్కంతా వాటిల్నే. నువ్వు వాడుకునే ముందు అండ్ల ఉన్నది తీసి దాచాలె, పని అయినంక ఎట్లున్నది అట్ల పెట్టాలె" అని వంటింటి గిన్నెలు ముందేసుకుని చెబుతుంటే ఆమె ఎంత మురిసిపోయిందో!

"అమ్మా, లాప్‌టాప్ ముట్టొద్దని నీకెన్నిసార్లు జెప్పిన?" అన్నాడు అన్వేష్ మెత్తగా.

సత్యమ్మ నోరు తెరిచింది. కొడుకు ముఖంలోకి చూసింది. ఎప్పుడూ లేనిది, ఆమె గొంతు తగ్గింది.

"అవ్, నేనే ఒత్తిన. ఏదో ఒకటి ఒత్తిన."

ఏదో ఒకటి ఒత్తితే ఆ తెర రాదు! దాన్ని వెతికి తెరవాలి, పేరు ఇంగ్లీషులో కొట్టాలి, తప్పు పాస్‌వర్డ్ మూడుసార్లు కొట్టాలి. బస్సు బోర్డు చదవమని పక్కవాళ్లను అడిగే సత్యమ్మకు అది సాధ్యమా! అప్పుడు గుర్తుకొచ్చింది అశ్రితకు... "మూడుసార్లు తప్పు కొడితే తలుపు మూసుకుంటది, పైలం" అని మొట్టమొదటి రోజే చెప్పిన అన్వేష్ గొంతు. గుండె పగిలిపోయింది పాపం! అరిచే అత్తను ఇన్నాళ్లూ భరించింది. ఈ మెత్తని మనిషిని ఎలా భరించాలి!

వంటింట్లోకి వెళ్లి అత్త చేయి పట్టుకుంది. "నువ్వు చెయ్యలేదు. ఎందుకు మీదేసుకున్నవ్ అత్తమ్మా?"

సత్యమ్మ చేయి విడిపించుకుంది. "నేను నీకు ఎన్నడన్న మంచిదాన్నైతినా? ఇంకో నింద మీద పడితే నాకేం బరువు. వాడు చెడ్డోడని తెలిస్తే నువ్వు పోతవ్." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది... "మీ మామ గూడ మెత్తటోడే. నేను కుట్టుపని నేర్సుకుంటుంటే మిషన్ బెల్టు కోసింది ఆయననే. ఎలుకలు కొరికినయన్నడు. నేను నమ్మిన."

సాయంత్రం భోజనాల దగ్గర అన్వేష్ ఎంతో ప్రేమగా మాట్లాడాడు.

"పరేషాన్ గాకు అశ్రితా. మళ్ల బ్యాచ్ వస్తది. నేనే దగ్గరుండి నేర్పిస్త."

"నేర్పు. మూడుసార్లు తప్పు కొడితే ఏమైతదో మొదటి రోజు చెప్పినవు గదా, ఆడికెల్లి నేర్పు."

అన్నం కలుపుతున్న చేయి ఆగింది. అతను తల ఎత్తలేదు.

"అది అమ్మనడుగు. ఒత్తింది ఆమెనే గదా."

సత్యమ్మ అన్నం గరిటెతో అక్కడే నిలబడి ఉంది! కన్నకొడుకని నింద తన మీద వేసుకుంది తల్లి. దాన్ని ఎత్తి మళ్లీ ఆమె నెత్తినే పెట్టాడు, ఆమె ముందే... ఆ ముఖం చూడలేక అశ్రిత కళ్లు దించుకుంది. సత్యమ్మ గరిటె గిన్నెలో పెట్టి, గిన్నెను కోడలి ముందుకు జరిపింది.

"తిను బిడ్డా. తిని బట్టలు సదురుకో. పొద్దున కొంపల్లిల హాస్టల్ జూద్దాం, నేనే తోల్కపోత. ఈడుంటే నా లెక్కనే అయితవ్."

ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆ నోట బిడ్డా అన్న మాట వినడం అశ్రితకు అదే మొదలు. కన్నీళ్లు కంచంలో పడుతుంటే అలాగే తిన్నది. అన్వేష్ కూర వెయ్యమని కంచం తల్లి వైపు జరిపాడు. ఆమె వెయ్యలేదు.